పోలమ్మ రాసుకున్న మాటలు

అక్కా,

నువ్వూ, బావగారూ, మా చిన్నీ ఎలా ఉన్నారు? చిన్ని జలుబు తగ్గిందా? నేను బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకు. కంచరపాలెంలో గది దొరికింది. రైళ్ళ చప్పుడికి అలవాటుపడ్డాను గానీ ఈ ఉక్కపోతకి ఇంకా లేదు. పనసపొట్టు కూర తిని ఎన్నాళ్ళయిందో. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త పొట్టు పంపు.

గోపాలపట్నంలో కంప్యూటర్లు నేర్పేచోట ల్యాబ్ బాధ్యతంతా నాదే. ఎవరు ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా, పేరూ పాస్‌వర్డూ కొట్టగానే వాళ్ళ ఫైళ్ళున్న ఫోల్డర్ సర్వర్ నుంచి దానంతటదే వచ్చి తగులుకుంటుంది. దాన్ని హోమ్ అంటారు. ఆ ఏర్పాటు చేసింది నేనే.

యారాడ నుంచి పోలమ్మ అని ఒకావిడ నేర్చుకోడానికి వస్తుంది. నా ఈడుదే. వాళ్ళ నాన్న సముద్రం మీద వేటకి వెళ్ళేవాడు. ఏ గాలికి ఎటు వెళ్ళాలో, ఏ కొండ ఎలా కనిపిస్తే ఎక్కడ వల వెయ్యాలో ఆయన చెబుతుంటే విని, ఇక్కడికొచ్చి టైపు చేసుకునేది. ఈమధ్య ఆయనకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది.

పోయిన సోమవారం నేను మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళేసరికి ఆవిడ ఏడుస్తోంది.

"మేడమ్, నానేటి సేసినాను? మా అయ్య మాటలన్నీ పోనాయి."

చూస్తే హోమ్‌లో పాతవేమీ లేవు. పొద్దుట్నించీ కూర్చుని, గుర్తున్నవన్నీ ఆ ఖాళీలోనే మళ్ళీ టైపు చేసిందట. వెతికితే తప్పు నాదే. శనివారం కొత్తవాళ్ళ పేర్లు చేరుస్తూ, ఆవిడ పేరున్న వరసలో ఒక అక్షరం చెరిపేశాను. అందుకే సర్వర్‌లోని అసలు ఫోల్డర్ రాక, ఆ కంప్యూటర్‌లోనే ఉన్న ఖాళీ ఫోల్డర్ తెరుచుకుంది. అది సరిచేస్తే పాతవన్నీ వచ్చాయి, కానీ ఆ పూట రాసినవి మాయమయ్యాయి. పాత ఫోల్డర్ వచ్చి వాటిమీద కూర్చుందన్నమాట. దాన్ని కాసేపు తప్పించి, కిందున్నవి తీసిచ్చాను. నావల్లే జరిగిందని ఆవిడకీ చెప్పాను, మా సారుకీ చెప్పాను. ఆయన గట్టిగానే మందలించారు. పోలమ్మ మాత్రం ఆదివారం భోజనానికి రమ్మంది.

వెళ్ళాను. పాతవీ కొత్తవీ ప్రింటు తీసిన కాగితాలు పక్కపక్కన పెట్టుకుని నాన్నకి చదివి వినిపించింది. ఒకచోట రెండూ కలవలేదు, ఒకదాంట్లో కొండ కుడిపక్క, ఇంకోదాంట్లో ఎడమపక్క. ఆయన కదిలే చేత్తో ఎడమపక్కకి చూపించాడు. రెండోసారి గుర్తుచేసుకుని రాసిందే సరైనదట, మొదట రాసిందే తప్పు. పోలమ్మ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆయన తన పళ్ళెంలో చేపముక్క నావైపు జరిపాడు. అది తిన్నానక్కా. చిన్ని మాటలు నేనెన్ని దాచుకున్నానా అనిపించింది.

అది నిన్ను అమ్మా అని పిలుస్తోందని బావగారు ఫోన్లో నవ్వుతూ అన్నారు. నేనూ నవ్వాను. పిలవనీ, వద్దనకు. కన్నది నేనైనా, ఈ మూడేళ్ళూ దానికి అన్నం పెట్టింది నువ్వేగా. పరీక్షలయ్యాక ఇక్కడే బళ్ళో వేస్తాను, మాట్లాడి ఉంచాను. ఎవరితోనో పంపకు, నువ్వే తీసుకురా. వచ్చిన మర్నాడే వెళ్ళిపోకు. దానికి నేను అలవాటయ్యేదాకా ఉండు.

అత్తయ్యగారికీ బావగారికీ నా నమస్కారాలు చెప్పి, నా తరఫున దీవెనలు అడుగు.

నీ చెల్లెలు,
పద్మ