కెర్తుకి విమానమంటే భయం

వార్కౌస్, జనవరి 12

ప్రయాణాల ఆఫీసు సైమి కోర్పెలా గారికి తైస్తో హల్మే నమస్కరించి, గుట్టుగా రాసుకునేది.

మీ ఆఫీసు మా ఇంటికి నాలుగు వీధుల అవతలే. అయినా ఉత్తరం రాస్తున్నానంటే, మీ గాజు కిటికీలోంచి లోపల కూర్చున్నవాడు ఊరందరికీ కనిపిస్తాడు కనుక.

మా ఆవిడ కెర్తుకి మార్చి తొమ్మిదిన అరవై అయిదు నిండుతాయి. థాయిలాండు వెళ్ళి వెచ్చటి సముద్రంలో కాళ్ళు పెట్టాలని ఇరవై ఏళ్ళుగా అంటోంది. ఏటా ఏదో ఒకటి అడ్డం వచ్చింది. ఓసారి పడవ ఇంజను, ఓసారి కుక్క, ఓసారి నా మోకాలు. ఈసారి మాత్రం "నువ్వొస్తే రా, లేకపోతే నేనొక్కదాన్నే పోతా. బఠాణీ సూపు నువ్వే కాచుకో" అనేసింది. ఆవిడ పుట్టినరోజుకి నేను పక్కన లేకపోవడం నలభై ఏళ్ళలో జరగలేదు. జరగకూడదు కూడా.

అయితే ఆ దారిలో యుద్ధం. దేశాలు రోజుకొకటి ఆకాశం మూసేస్తున్నాయని వార్తలు. నాకేం భయం లేదు. మా అపార్టుమెంటు కింద, బాంబులు పడితే తలదాచుకునే రక్షణ గదికి పన్నెండేళ్ళుగా నేనే బాధ్యుణ్ణి. భయమంతా కెర్తుకి. పైకి చెప్పదు, మేం సవో ప్రాంతంవాళ్ళం కదా, ఏదీ నేరుగా అనం. ఆవిడ గుండె కుదుటపడేలా క్షేమమైన దారి ఒకటి కాగితం మీద రాసి పంపండి.

ఇట్లు, ఏ భయమూ లేని
తైస్తో హల్మే

తా.క. జవాబు మీద నా పేరు వద్దు. 'రక్షణ గది బాధ్యుడు' అని రాయండి, ఆ పోస్టు డబ్బా తాళం నా దగ్గరే ఉంది. కెర్తుకి భయమన్న సంగతి కెర్తుకి తెలియనివ్వకండి.

జనవరి 19

రక్షణ గది బాధ్యులకు సైమి కోర్పెలా నమస్కారాలు.

నేను పొహ్యన్మా ప్రాంతం దాన్ని. మా వైపు అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాం, ఏమనుకోకండి.

గల్ఫులో విమానం మారే దారి నిన్న మూసేశారు. రేపు తెరుస్తారట. ఎల్లుండి సంగతి వాళ్ళకీ తెలియదు. ఎక్కడా ఆగని దారి ఇంకొకటుంది. నల్లసముద్రం దాటి, కాకసస్ కొండల మీదుగా పోతుంది. ఉత్తరాన రష్యా ఆకాశం మూసి ఉంది, దక్షిణాన ఇరాన్ ఆకాశం మూసి ఉంది, మధ్యలో ఉన్న సందులోంచి వెళ్ళాలి. సాధారణంగా ఏమీ కాదు. నన్నడిగితే ఇదే మంచి దారి.

ఇట్లు, మీ మేలుకోరే
సైమి కోర్పెలా

తా.క. సందు ఎంత వెడల్పని ఆవిడ అడగొచ్చు. మా గోడమీది పటంలో చిటికెన వేలు అడ్డం పెట్టి చూశాను. సందు కనిపించలేదు.

జనవరి 23

సైమి గారికి, నిద్రలేని కళ్ళతో నమస్కారాలు.

"సాధారణంగా" అన్నారు చూడండి, ఆ ఒక్క ముక్కతో కంటిమీద కునుకు లేదు. అంటే, కెర్తుకి. అసాధారణంగా ఏమవుతుందో ఎందుకు రాయలేదు? అడకత్తెరలో పోకచెక్కలా పోతుంటే పైలట్‌కి తుమ్మొస్తే? గాలి ఓ పక్కకి నెడితే? నేను పడవ నడిపినవాణ్ణి, గాలి ఎవరి మాటా వినదు.

పటాలన్నీ కింద రక్షణ గదికి తెచ్చి, అత్యవసర నీళ్ళ డబ్బాల మీద పరిచి కొలుస్తున్నాను. ఎన్నిసార్లు కొలిచినా సందు పెరగడం లేదు. యుద్ధం ఊసే లేని దారి చూడండి, ఎంత చుట్టైనా సరే. అక్కడ మేం దిగే హోటలుకి నేలమాళిగ ఉందా, తలుపు ఉక్కుదేనా, అదీ కనుక్కోండి.

ఇట్లు, కెర్తు తరఫున
తైస్తో హల్మే

తా.క. విమానంలో అన్నిటికన్నా క్షేమమైన సీటేది? రెండు కావాలి. ఒకటే ఉంటే కెర్తుకివ్వండి.

జనవరి 30

రక్షణ గది బాధ్యులకు నమస్కారాలు.

యుద్ధం లేని దారి దొరికింది. ఉత్తర ధ్రువం మీదుగా జపాను, అక్కణ్ణుంచి కిందికి థాయిలాండు. ధ్రువం మీద ఎవరికీ ఎవరితోనూ తగాదా లేదు, అక్కడ ఎవరూ లేరు కనుక. మధ్యలో దిగాల్సి వస్తే ఎక్కడ దిగుతారని విమానాల వాళ్ళని అడిగాను. భోజనం శాకాహారమా, మాంసాహారమా అని మాట మార్చారు.

హోటలుకి నేలమాళిగ ఉందట, నీళ్ళు కూడా ఉంటాయట. తాగే నీళ్ళా అంటే కాదు, సముద్రం పోటెక్కినప్పుడు వచ్చే నీళ్ళన్నారు.

మీ ఆవిడ అవస్థ చదివి ఉండబట్టలేకపోయాను. విమాన భయం పోగొట్టే తరగతుల కరపత్రం ఆవిడ పేరునే ఇంటికి పంపాను. మీ పేరు ఎక్కడా రాయలేదు.

ఇట్లు, మీ
సైమి

తా.క. ధ్రువం దారి విమానంలో చలికోట్లు ఉంటాయట. ఎన్ని అని అడిగాను. "అందరికీ కాదు" అన్నారు.

ఫిబ్రవరి 8

సైమి గారూ, కొంప ముంచారు!

కరపత్రం సోమవారం వచ్చింది. కెర్తు కాఫీ పోసుకుంటూ నిలబడే చదివింది, రెండుసార్లు. కప్పు నిండి పొర్లినా చూసుకోలేదు. ఆరు రోజులైంది, మాట లేదు. మా ఇంట్లో మౌనం కొత్త కాదు, కానీ ఇది ఆ మౌనం కాదు. నిన్న సౌనాలో ఆవిరి స్నానానికి కూడా నాతో రాలేదు. ఇవాళ పొద్దున పెట్టె సర్దింది. ఒక్కటే పెట్టె!

ఇక దాచి లాభం లేదు. భయం కెర్తుకి కాదు, నాకు. పడవ ఇంజను శుభ్రంగా ఉండేది. కుక్కకి ఏ జబ్బూ లేదు. మోకాలొక్కటే నిజం, అదీ కొంచెమే. ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. ఆవిడ ఒక్కతే ఆ సందులోంచి పోతుంటే నేనిక్కడ ఉక్కు తలుపు వెనక సూపు తాగుతూ కూర్చోవాలా? ఆవిడకేమన్నా అయితే? ఎక్కాలంటే భయం, ఎక్కకుండా ఉండిపోవాలంటే అంతకన్నా భయం.

ఆవిడ మీ దగ్గరికొచ్చిందా? ఒకే టికెట్టు కొందా? మీ పొహ్యన్మా పద్ధతిలోనే సూటిగా చెప్పండి.

ఇట్లు, వణుకుతూ
తైస్తో

తా.క. ఓడలో అయితే ఎన్ని రోజులు?

ఫిబ్రవరి 12

తైస్తో గారికి, ఇక పేరుతోనే నమస్కారాలు.

ఎవరికీ చెప్పొద్దని ఆవిడ బతిమాలింది. కానీ మీరు సూటిగా అడిగారు, అబద్ధమాడటం నాకు చేతకాదు.

మొన్న మంగళవారం కరపత్రం పట్టుకుని వచ్చింది. పోట్లాటకే అనుకున్నాను. కూర్చుని మంచినీళ్ళడిగింది. చేయి వణికి సగం నా బల్ల మీదే పోసింది. "నాకు భయమని మీకెవరు చెప్పారు? మా ఆయనకే తెలియదే!" అంది.

తైస్తో గారూ, విమానమంటే ఆవిడకి ప్రాణభయం. సముద్రం మీద ఆశ నిజమే. కానీ ఏటా మీరేదో వంక చెప్పగానే లోపల్లోపల హమ్మయ్య అనుకునేదట. ఈసారీ ఏదో ఒకటి చెప్పకపోతారా అన్న ధీమాతోనే ఒక్కదాన్నే పోతానంది. మీరు చెప్పలేదు! పైగా చంకలో పటాలతో రోజూ కిందికి దిగుతుంటే చూసింది. "మా ఆయనకి భయమన్నదే లేదమ్మా. ఇంత యుద్ధంలోనూ నాకోసం దారి వెతుకుతున్నాడు. ఆయన ముందు నేను పిరికిదాన్నని ఏ మొహంతో చెప్పను?" అని ఏడ్చింది. అందుకే ఆ మౌనం.

టికెట్లు రెండు కొంది. మార్చి ఏడు, ఆ సందు దారే. తానే పారిపోతానేమోనని, వెనక్కి తీసుకోని రకం అడిగి మరీ తీసుకుంది. పెట్టె ఒక్కటేనన్నారు, మూత తీసి చూడండి. మీ ఈతలాగు కూడా అందులోనే పెట్టిందట.

కిటికీ పక్క సీటు తనకొద్దు, మీకిమ్మంది. మీ ఉత్తరాలు చదివినదాన్ని కనుక అది మూడో మనిషికి వదిలేశాను. మీ ఇద్దరివీ పక్కపక్కనే. విమానం లేచేటప్పుడు మీ చేయి పట్టుకోవాలని ఆవిడకుంది, అడగడానికి సిగ్గు. మీరే ముందు పట్టుకోండి. ఎవరి చేయి వణుకుతోందో ఇద్దరికీ తెలియదు.

ఇట్లు, మీ ఇద్దరి
సైమి

తా.క. ఓడలో నలభై రోజులు. మంగళవారం ఆవిడకీ అదే చెప్పాను.