నీలం తెరా, చీమల తెరా

ప్రియమైన అక్కగారి సముఖమునకు,

ఈ ఇంటి ఏకైక కంప్యూటర్ ఇంజినీరు (రెండు పేపర్లు మిగిలాయిలే) విన్నవించుకునేదేమంటే, మన పాత టీవీ నిన్న ఠప్పుమని కన్నుమూసింది. కొత్తది దండగ. నా కంప్యూటర్లో టీవీ ట్యూనర్ కార్డు బిగిస్తే సరి. షాపులో రెండు రకాలున్నాయి. ఒకటి మహా మర్యాదస్తురాలు: సిగ్నల్ లేకపోతే నీలం తెర వేసి నోరు మూసుకుంటుంది. రెండోది పాత రకం: సిగ్నల్ లేకపోయినా తెర నిండా పాకే చుక్కల చీమలు, బుస్సుమనే చప్పుడు, అన్నీ వినిపించి చూపిస్తుంది. రికార్డు కూడా చేస్తుంది.

అమ్మ సంగతి తెలుసుగా. నాన్న యాంటెన్నా తిప్పుతూ మేడ మీంచి పడి చనిపోయి మూడేళ్ళయినా, రోజూ సాయంత్రం ఆ చీమల ముందు కూర్చుని "ఆఁ, వచ్చిందండీ!" అని పైకి కేకేస్తుంది. ఆ తర్వాతే ఇంట్లో అన్నాలు. అందుకని నా ఓటు రెండోదానికి. తమరి ఆజ్ఞ?

ఇట్లు,
నీ తోక

ఒరేయ్ తోకా,

నీలం తెరదే కొను. మేడ మీది యాంటెన్నా కూడా పీకించి పారెయ్. ఆ చప్పుడు అమ్మకి మంచిది కాదు. ఎందుకని మాత్రం అడక్కు. ఈసారి సెలవులకి కూడా నేను రాలేను.

మీ అక్క

ప్రియమైన అక్కా,

ఆజ్ఞ ప్రకారం నీలం కార్డు కొన్నాను. యాంటెన్నా పీకబోతే అమ్మ నిచ్చెనకి అడ్డం నిలబడింది. మూడు రోజులుగా నీలం తెర ముందు కూర్చుంటోంది, ముద్ద ముట్టట్లేదు. "ఆయన అడగడం వినపడట్లేదురా, ఏమని పలకను?" అంది. జోకేద్దామని నోరు తెరిచాను. జోకు మానేసి అన్నం కలిపి అందించాను, మొహం తిప్పేసుకుంది.

శనివారంలోపు కార్డు మార్చుకోవచ్చట. ఎందుకొద్దన్నావో ఇప్పుడైనా చెప్పు.

నీ తోక

తమ్ముడూ,

ఆ రోజు టీవీ ముందు నిలబడి బొమ్మ వచ్చిందో లేదో చెప్పాల్సింది నేను. నాన్న పైనుంచి "వచ్చిందా?" అన్నారు. నేను ముందు గదిలో ఫోన్లో ఉన్నాను. వినపడింది, పలకలేదు. నాకు వినపడలేదేమోనని పిట్టగోడ మీంచి వంగి ఉంటారు. ఆ బుస్సు వింటే నాకు ఆయన ఇంకా అడుగుతున్నట్టే ఉంటుందిరా. అందుకే ఇంటికి రాను.

అక్క

అక్కా,

కార్డు మార్చాను. అమ్మ తింటోంది.

ఓ సాయంత్రం ఆ బుస్సుని రికార్డు చేశాను. అమ్మ పలికే ముందు చప్పుడు ఓ క్షణం ఆగుతుంది, ఎవరో ఊపిరి తీసుకున్నట్టు. రికార్డులోనూ ఆగింది. కేబుల్ వదులేమోనని బిగించి చూశాను. మళ్ళీ అక్కడే ఆగింది.

ఆ రోజు నువ్వు పలకకపోతే నాన్న రెండోసారి అడిగారు. అప్పటికి టీవీ ముందు నేనున్నాను. బొమ్మ అద్దంలా వచ్చేసింది. కాస్త ఆటపట్టిద్దామని కిటికీలోంచి అరిచాను: "రాలేదు నాన్నా, ఇంకాస్త పక్కకి!"

"సరేరా" అన్నారు. అంతే.

మూడేళ్ళుగా వాగుతూనే ఉన్నాను, ఈ ఒక్క మాట తప్ప. రేపు సాయంత్రం ఆ చప్పుడు ఆగగానే, అమ్మకంటే ముందు నేనే పలుకుతాను, వచ్చేసింది, దిగొచ్చేయండి అని. నువ్వు ఇంటికి రా అక్కా. నాన్న పడింది నువ్వు పలకనందుకు కాదు, నేను పలికినందుకు.

తమ్ముడు