కట్టిన దిండు మీదే కూర్చుని కారు పరీక్ష ఇస్తాను

మోటారు వాహనాల తనిఖీ అధికారి గారి సముఖమునకు,
కోటబొమ్మాళి ఎండుచేపల కొట్టు భారతి వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: సీటుకు దిండు కట్టుకుని కూర్చొనుటకు అనుమతిస్తూ, నాకు మూడోసారి డ్రైవింగు పరీక్ష శుక్రవారంలోగా పెట్టించుట గురించి.

1. నేను నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. నా భర్త ధనరాజ్ ఆరడుగుల మనిషి. ఇద్దరికీ ఒకటే పాత కారు. దాని సీటు ముందుకీ వెనక్కీ జరుగుతుంది గానీ పైకి లేవదు. కనుక గట్టి కొబ్బరిపీచు దిండు కుట్టించి, జారకుండా నాలుగు పట్టీలతో సీటుకి కట్టించాను. మెకానిక్కు లక్ష్ముడు నన్ను కూర్చోబెట్టి చూశాడు. నడుము వెనక ఆనింది. బ్రేకు పూర్తిగా తొక్కినా మోకాలు కాస్త వంగే ఉంది. చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగు మీద పడింది. "ఇప్పుడు కూకున్నావొదినా సరిగ్గా. ఇన్నాళ్లూ స్టీరింగుని కౌగిలించుకుని తోలినావు" అన్నాడు.

2. మొదటి పరీక్షలో తమరు "దిండ్లూ గిండ్లూ తీసెయ్యమ్మా" అని సెలవిచ్చారు. తీసేశాను. సీటు అంచున కూర్చుంటే స్టీరింగు సందులోంచి నాకు కనిపించింది ఆకాశం ఒక్కటే. వెనక్కి తీస్తూ పరీక్ష దారికి హద్దుగా పెట్టిన డ్రమ్ముని గుద్దాను.

3. రెండోసారి తప్పు నాదే, దాచను. కారు ఆయన నడిపి తెచ్చాడు కాబట్టి సీటు వెనక్కుంది. ఆపి ఉండగానే సర్దుకోవాలని తెలుసు. క్యూలో ఎవరో "అత్తా, స్టూలు తెమ్మంతావేటి?" అంటే అందరూ నవ్వారు. సిగ్గేసి, బండి కదిలాక సీటు కింద ఉన్న, దాన్ని జరిపే కమ్మీ లాగాను. జర్రున వెనక్కి పోయాను. కాలికి బ్రేకు అందలేదు. గోడే ఆపింది.

4. అసలు సంగతి ఇది. ఆయనకి కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. మిషను మీంచి దిగాక నడుము నిలవదు. సీటు మంచంలా వాల్చుకుని, స్టీరింగు వేళ్ల కొసలతో పట్టుకుని ఇంటికి నడుపుతాడు. డ్రైవర్ని పెడదామంటే "నా కారు ఇంకోడు తోలడమేటే" అంటాడు. ఎల్ బోర్డుతో నేను తోలతాను, పక్కన కూర్చో అంటే "గోడలు గుద్దీసినదానివి. పెద్ద లైసెన్సు తెచ్చీ, అప్పుడిచ్చెత్తాను తాళం" అంటాడు. మొన్న శనివారం రైల్వే గేటు పడుతుంటే ఆయన కళ్లు మూతపడ్డాయి. పక్కనుంచి నేనే హ్యాండు బ్రేకు లాగాను. గేటు కడ్డీ బానెట్టు మీదికి వచ్చి ఆగింది. రైలు పోతుంటే "ఏటీ అవనేదు కదే" అన్నాడు. గేటు లేచేదాకా నేను హ్యాండు బ్రేకు వదల్లేదు సార్.

కావున దిండు ఉండనివ్వమనీ, బండి కదలకముందు సీటు సర్దుకోను రెండు నిమిషాలు ఇప్పించమనీ, అనుమానముంటే టేపు పెట్టి కొలుచుకోమనీ ప్రార్థన. నా ఎల్ఎల్ఆర్, అదే ఎల్ బోర్డు లైసెన్సు, గడువు శుక్రవారంతో సరి. తమరు తమ కుర్చీలో నడుము ఆనించి కూర్చుని ఒక్కసారి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
భారతి

తా.క.: ఇది ఆసుపత్రి బయట కారులో కూర్చుని టైపు చేస్తున్నాను. ఆయన లోపల మిషను మీద ఉన్నాడు. ఇప్పుడే సీటు నా కొలతకి ముందుకి జరిపేసి, పానా పెట్టి ఆ కమ్మీ ఊడదీసి సంచిలో వేసుకున్నాను. ఆయన మోకాళ్లు ఇంక ఇందులో పట్టవు. వచ్చి తిడతాడు, తిట్టనీండి. ఇవాళ ఎల్ బోర్డుతో నేనే నడుపుతాను, పక్కన ఆయన. శుక్రవారం దాటితే మాత్రం, తోలే హక్కున్న మనిషి ఈ సీట్లో పట్టడు, పట్టే మనిషికి హక్కుండదు. శనివారం పొద్దున్న ఏడింటికి ఆయన మళ్లీ మిషను మీద ఉండాలి సార్.