కోసిన బ్రేకు వైరు

సహం,
12-11-2008

అంజలికి రాయునది. ఇక్కడ గల్ఫులో నా ఒంటికి ఏ ఇబ్బందీ లేదు. నువ్వూ పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను.

మీ అమ్మ సంగతి అడిగావు. అత్త బాగానే ఉంది. ఆమె పనిచేసే ఇల్లు మా లారీలు తిరిగే రోడ్డు పక్కనే కదా. నువ్వు చెప్పినట్టే, కొండ దిగుడులో వాడే ఇంజన్ బ్రేకును అక్కడికి రాగానే వేసి ఆ చప్పుడుతో లారీని గట్టిగా మోగించేవాణ్ణి. ఆమె బట్టలారేసే నెపంతో మిద్దె మీదికొచ్చి చెయ్యి ఊపేది. ఫోను లేని మనిషికి అదే పలకరింపు. నెల నుంచి అదీ లేదు. మధ్యాహ్నం పిల్లలు నిద్రపోలేకపోతున్నారని ఆ ఊరివాళ్ళు ఫిర్యాదు చేశారు. ఇళ్ళ దగ్గర ఇంజన్ బ్రేకు వేయకూడదని ఇక్కడి మునిసిపాలిటీవాళ్ళు బోర్డు పెట్టారు.

వాళ్ళు వద్దన్నది ఇళ్ళ దగ్గరే. మా ఫోర్‌మన్ జరిమానాకు భయపడి లారీలన్నిటికీ ఆ బ్రేకు వైరే కోయించాడు. మన వెనక వీధి జైనబీ మొగుడు నిజాముద్దీన్ నా దగ్గర మొత్తుకున్నాడు. "కొండ దిగేటప్పుడు అది లేకుంటే ఎట్లన్నా? కాలిబ్రేకు ఒక్కటే ఎంతసేపని ఆపుతాది?"

మొన్న సోమవారం రాళ్ళ లోడుతో దిగుతుంటే అతని కాలిబ్రేకు కాగిపోయి పట్టలేదు. లారీని కొండకేసి కొట్టి ఆపాడు. రెండు కాళ్ళూ నుజ్జయ్యాయి. పోలీసులు అతివేగమని కేసు రాశారు. ఆసుపత్రి నుంచి నేరుగా జైలుకేనట. ఫోర్‌మన్ నిన్నంతా వైర్లు మళ్ళీ కలిపించాడు. టైరు అరిగిందని పక్కన నిలిపిన నా లారీ ఒక్కటే మిగిలింది. "రేపు దీనిదీ కలుపుతారు. నోరు తెరిచావంటే విమానమెక్కిస్తా" అన్నాడు.

అంజలీ, నీకు దాచిన మాట ఒకటుంది. మిగతావాళ్ళు ఆ బ్రేకు కొండ మీదే వేసేవాళ్ళు. ఊళ్ళో చదును రోడ్డు మీద అవసరం లేకుండా మోగించింది నేనొక్కణ్ణే. ఫిర్యాదులో ఉన్నదీ నా లారీ నంబరే. నిజాముద్దీన్ కాళ్ళు తీసింది నేనే. ఎటైనా పారిపోదామంటే పాస్‌పోర్టు కంపెనీ దగ్గరుంది.

ఈ పొద్దున మెకానిక్ రాకముందే లారీ తీసుకొచ్చి పోలీసు స్టేషన్ ముందు పెట్టాను. క్యాబిన్‌లో కూర్చునే ఇది రాస్తున్నాను. కోసిన వైరు వాళ్ళకు చూపిస్తాను. లారీ ఎత్తుకొచ్చానని నన్నే లోపల వేస్తారేమో. ఎదుటి టీకొట్టాయన ఉత్తరం పోస్టు చేస్తానన్నాడు.

జైనబీకి నిజం ఎవరూ చెప్పి ఉండరు. నువ్వే వెళ్ళి ఇదంతా చదివి వినిపించు. ఆమె నన్ను తిడితే అడ్డు చెప్పకు.

ఇట్లు,
నీ పెనిమిటి
రామాంజనేయులు