అమెరికా గడియారం, మస్కట్ తద్దినం

అమలాపురం, 2004
బుధవారం రాత్రి

పొద్దున్న నెట్ సెంటర్ తెరవగానే పురోహితులు శాస్త్రిగారు వచ్చి, నేను ఇంటర్నెట్‌లో నడిపే తిథుల పేజీ చూశారు. "ఇవాళ బహుళ దశమి కదండీ, మీ పేజీలో ఇంకా నవమే కూర్చుందేంటండీ?" అన్నారు.

ఏడాది తిథులన్నీ ఆయన పంచాంగంలోంచి నేనే డేటాబేస్‌లోకి ఎక్కించాను. అందులో తప్పు లేదు. నేను రాసిన పీహెచ్‌పీ ప్రోగ్రాం ఇవాళ్టి తేదీ ఏదని సర్వర్‌ని అడుగుతుంది. అద్దెకు తీసుకున్న ఆ సర్వర్ అమెరికాలో ఉంది. మనకు తెల్లవారినా అక్కడ ఇంకా నిన్నే. మన సాయంత్రానికి అక్కడా అదే తేదీ వచ్చేస్తుంది; ఎప్పుడూ సాయంత్రాలే చూసుకోవడం వల్ల నాకు తెలియలేదు. తేడా గంటలు కలిపి సరిచేశాను.

అప్పుడు గుర్తొచ్చాడు, మస్కట్‌లో పనిచేసే సత్యనారాయణ. వాళ్ల నాన్నగారి తద్దినం బహుళ దశమి. పేజీ చూసుకునే పెడతానన్నాడు. వెంటనే మెయిల్ పెట్టాను.

సాయంత్రం జవాబు వచ్చింది. "పొద్దున్న నవమి అనుందండీ. రేపే కదా అని మధ్యాహ్నం క్యాంటీన్‌లో కోడికూర తినేసేను. ఇప్పుడేం చెయ్యాలో శాస్త్రిగార్ని కనుక్కోండి బాబూ."

వెళ్లి శాస్త్రిగారికి చెప్పాను. "తప్పిన తిథికి ఏకాదశి ఉందండీ. రేపు పెట్టుకోమనండి. తినేసింది మాత్రం నాకు చెప్పలేదనుకోండి," అన్నారు.

పొద్దున్నపూట ఆ పేజీ ఇంకెవరెవరు చూశారో తెలుసుకునే దారి లేదు.

రేపు ఏకాదశి అని సత్యనారాయణకు రాశాను. పంపేముందు లేచి వెళ్లి గోడమీది క్యాలెండర్ చూసి వచ్చాను.