స్కార్ఫ్ కింది జుట్టు

జూన్ 3, ఉదయం 6.10

ఇవాళ స్కార్ఫ్ కట్టుకుని వెళ్తాను. నిన్నా ఇదే రాశాను. మొన్నా ఇదే.

షహాదా చెప్పి ముస్లింనై నలభై రోజులు. తెలిసింది మా పార్లర్ పక్క షాపు టైలరక్కకి ఒక్కదానికే. ఆవిడ నమాజుకి మా స్టోర్ రూమ్‌లోకి వచ్చేది, షాంపూ డబ్బాల మధ్యకి. రెండేళ్లు చూశాను. అడిగాను. చదివాను. ఆవిడ ఒక్కసారీ రమ్మనలేదు. నేనే వెళ్లాను.

తెలిస్తే అందరూ మొదట అడిగేది, ఎవడు వాడు అని. ఎవడూ లేడు. చెబితే నమ్మరు.

ఉదయం 8.00

బస్‌స్టాప్ దాకా వెళ్లి, తీసి బ్యాగులో పెట్టేశాను. ఉత్త పిరికిదాన్ని.

జూన్ 5

కట్టుకున్నాను! బస్సులో ఎవరూ నావంక చూడలేదు. నాకు మాత్రం అందరూ చూస్తున్నట్టే ఉంది. మెడ వెనక ఒకటే చెమట.

పార్లర్‌లో అడుగుపెట్టగానే డ్రయ్యర్లు ఆగిపోయాయి. ఆడా మగా అందరూ వచ్చే పార్లర్. నేను హెయిర్ స్టయిలిస్టుని. గాజు తలుపు మీద నడుం దాకా జుట్టు విరబోసుకున్న ఫొటో నాదే, కింద 'ఆఫ్టర్' అని. అలాంటిదాన్ని తల కప్పుకుని వస్తే మావాళ్లకి తట్టేది ఒక్కటే. ఓనర్ మేడమ్ నన్ను లోపలికి లాక్కెళ్లి, కొత్త స్ట్రెయిట్‌నింగ్ క్రీమ్ దెబ్బకొట్టిందా, ఎంత ఊడింది అని గుసగుసగా అడిగింది. పోయిన నెల దాని ట్రయల్ నామీదే వేశారు.

నిజం చెప్పాలి. క్రీమ్ వల్ల కాదు మేడమ్, ఒంట్లో బాగాలేదు అన్నాను.

ఆవిడ కేన్సర్ అనుకుంది. ముఖం పాలిపోయింది. పాపం, నన్ను వాటేసుకుంది.

జూన్ 6

అందరూ నాతో మెల్లగా మాట్లాడుతున్నారు. నన్ను నిలబడనివ్వడం లేదు. సిగ్గుగా ఉంది. అంతకన్నా సిగ్గుచేటు, కాస్త హాయిగా కూడా ఉంది.

టైలరక్క మిషన్ ఆపకుండానే అంతా విన్నది. అల్లా కోసం కట్టుకున్నదానికి అబద్ధం దేనికి తల్లీ అంది. నాలుగు తిట్టినా బాగుండేది.

జూన్ 9, ఆదివారం

అమ్మావాళ్లింటికి వెళ్లలేదు. పని ఉందని చెప్పాను. ప్రతి ఆదివారం అమ్మ నా తలకి నూనె పెడుతుంది. లోకంలోని కబుర్లన్నీ అప్పుడే చెబుతుంది. నిజం తెలిశాక ఆ చేతులు నా తల ముట్టుకోకపోతే? నాన్న సంగతి తర్వాత. అమ్మ వద్దనుకుంటే నేనేమైపోవాలి?

రేపు చెప్తాను.

జూన్ 11, మధ్యాహ్నం 3.00

మేడమ్ అమ్మకి ఫోన్ చేసిందట. ధైర్యంగా ఉండండి అని చెప్పడానికి!

పై ప్రాణాలు పైనే పోయాయి. అమ్మవి పదకొండు మిస్డ్ కాల్స్. ఎత్తలేదు. రేపు మాట్లాడతానని మెసేజ్ పెట్టాను.

జూన్ 12

పొద్దున్నే, షట్టర్ ఎత్తుతుండగానే, అమ్మ వచ్చింది. ఒక్కతే. నా కుర్చీలో కూర్చుని జడ విప్పింది. సగం నెరిసినా ఇంకా నడుం కిందికే ఉంది. మెడ దాకా కత్తిరించెయ్, విగ్గు చేయించుకో, తెల్లవాటికి రంగేస్తే సరి, ఆ పనులన్నీ నీకు తెలిసినవేగా అంది. నాకెందుకే ఈ వయసులో, నువ్వుంటే చాలు అంది.

విగ్గుకి ఇచ్చే జుట్టుకి కట్ చేసేముందు రెండు చోట్ల రబ్బర్‌బ్యాండ్ వేస్తాం. అలవాటు కొద్దీ ఒకటి వేసేశాను. అవును, వేశాను. రెండోదానికి చేతులు ఆడలేదు. పుట్టి బుద్ధెరిగాక అంత భయపడలేదు.

స్టోర్ రూమ్‌లోకి తీసుకెళ్లి, గడియ పెట్టి, పిన్నులు తీసి స్కార్ఫ్ విప్పాను. అమ్మ రెండు చేతులతో నా తలంతా తడిమింది. ఒక్క వెంట్రుకా పోలేదే అని ఏడుస్తూ నవ్వింది. అప్పుడు చెప్పాను. రోగం లేదమ్మా, ముస్లింనయ్యాను. ఎవరూ మార్చలేదు. నీకు చెప్పడానికి భయమేసింది.

చేతులు తీసేసింది.

షాంపూ డబ్బాల వైపు తిరిగింది. దీనికన్నా రోగమే నయం అంటుందేమో అనుకున్నాను. జడ కూడా అల్లుకోకుండా, ఆ రబ్బర్‌బ్యాండ్‌తోనే వెళ్లిపోయింది.

మేడమ్‌కీ చెప్పేశాను. రోగం లేనందుకు వాటేసుకుంది, అబద్ధమాడినందుకు చెడామడా తిట్టింది. తలుపు మీద ఫొటో తీసెయ్యమంటే ఆలోచిస్తానంది.

జూన్ 16, ఆదివారం

ఫోన్ రాలేదు.

జూన్ 19

మోగితే భయం. మోగకపోతే ఇంకా భయం.

జూన్ 23, ఆదివారం, ఉదయం 9.40

అమ్మ ఫోన్ చేసింది. పొద్దస్తమానం అది కట్టుకుంటే కుదుళ్లకి గాలాడదు, నూనె లేకపోతే ఊడిపోతుంది, మీ నాన్న బయటికెళ్లారు, ఇప్పుడే రా అంది.

కట్టుకునే వెళ్తున్నాను.