పాత చేతి తొడుగులో మాత్రలు

ప్రియమైన రాగ్నా తల్లీ,

కొట్లో బేరాల మధ్య టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకో. మంచు దండిగా పడింది, స్కీలకి రాసే మైనం తెచ్చింది తెచ్చినట్టే పోతోంది. మొన్న ఆదివారం క్లబ్బులో ముసలాళ్లకి కొండెక్కే స్కీ పందెం. మీ నాన్న పక్కింటి తోర్లైఫ్‌ని ఓడించాడు! మొదటి వాఫిల్ ఆయనకే ఇచ్చారు, ఇక మనిషి నేలమీద నిలవట్లేదు.

అసలు సంగతికొస్తా. గుమ్మం దగ్గర వేలాడే నీ పాత ఊలు తొడుగు ఉతుకుదామని తీస్తే, లోపల మీ నాన్న గుండె మాత్రలు! క్రిస్మస్‌కి వచ్చినప్పుడు అది వేసుకు తిరిగింది నువ్వే. వెళ్లాక నీ పోటీ టీవీలో చూశా, స్కీల మీద ఉరికి మధ్యలో ఆగి తుపాకీ కాల్చేది. నిలబడి కాల్చిన ఐదు గుళ్లూ గురికే తగిలాయి. ఇదివరకు గాలి వీస్తే రెండు తప్పేవిగా? ఆ మాత్ర వేస్తే చెయ్యి వణకదంట, అందుకే మీ ఆటలో నిషేధమంట. నిజం చెప్పు. దొరికితే జట్టులో చోటు పోతుంది.

దిగులుతో,
అమ్మ గున్వోర్

ప్రియమైన అమ్మా,

ముందు ఏడుపొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. కాల్చడమే చూశావా? ఆఖరి ఎత్తులో నలుగుర్ని దాటాను, అది కనపడలేదా? ఆ మాత్ర వేస్తే గుండె వేగం అందుకోదు. ఎత్తు ఎక్కబోతే కాళ్లు తడిసిన దుంగలే. పోటీ అయ్యాక చేసిన మందుల పరీక్షలో ఏమీ లేదని తేల్చారు కూడా.

ఒకటి చెప్పు. ఆ మాత్రలు పొడిగా ఉన్నాయా, తడిసి ఊలుకి అంటుకున్నాయా? పొద్దున నువ్వు కాఫీతో మాత్ర ఇవ్వగానే కట్టెలు తెస్తానని గుమ్మంలోకి పోయేదెవరు? నిరుడు మెట్లెక్కలేని మనిషి ఈ ఏడు కొండెలా ఎక్కాడు? ఉన్నట్టుండి మానేస్తే ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ చెప్పింది కదమ్మా. ఆదివారం మళ్లీ పందెం. ఆపు.

కోపం తగ్గని,
రాగ్నా

బంగారు తల్లీ,

అంటుకునే ఉన్నాయే. ఈ పొద్దున మీ నాన్న తొడుగులో చెయ్యి పెట్టుండగా పట్టేశా. "అది మింగితే నా కాళ్లు నావి కావే, తోర్లైఫ్ వెనక్కి తిరిగి నవ్వుతాడు" అన్నాడు. "నువ్వు పోతే వాడు ఏడుస్తాడు, అది బాగుంటుందా?" అన్నా. కొట్టు మూసి డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లా. మోతాదు ఆవిడే చూస్తుందట, ఈ ఏడు పందేలు బంద్. ఆదివారం నాతో చెరువు చుట్టూ స్కీ చేస్తాడు. నా వేగానికి ఏ గుండైనా నిద్రపోతుందిలే.

నీకు గోధుమరంగు చీజ్ పెద్ద ముక్క పంపుతున్నా. దాంతో క్షమాపణ సరిపోదని తెలుసు.

మాత్ర వేశాక నోరు తెరవమంటే మీ నాన్నకి పౌరుషమొచ్చింది. "నన్నే అనుమానిస్తావా?" అన్నాడు.

"నా కూతుర్నే అనుమానించా, నువ్వెంత? నోరు తెరిచి 'ఆఁ' అను."

తల దించుకుని,
మీ అమ్మ